పుదుచ్చేరిలో బస: ఫ్రెంచి కాలపు భవనమా, తమిళ పేటలోని ఇల్లా, కొత్త హోటలా?

పుదుచ్చేరి పాత పట్టణాన్ని ఒక కాలువ రెండుగా విడదీస్తుంది. దానికి తూర్పున, సముద్రం వైపు, ఒకప్పుడు ఫ్రెంచివారు నివసించిన వీధులున్నాయి. పడమర తమిళ కుటుంబాల పేట ఉంది. రెండు వైపులా పాత ఇళ్లను బాగుచేసి కొద్దిపాటి గదులతో చిన్న హోటళ్లుగా నడుపుతున్నారు. పాత పట్టణానికి వెలుపల లిఫ్టు, ఈతకొలను, వాహనాలకు చోటు గల కొత్త హోటళ్లు ఉన్నాయి. ఊరిని చూడాలని రెండు మూడు రోజులకు వెళ్లే దంపతులకో స్నేహితులకో నేను తమిళ పేటలోని పాత ఇంటినే ముందుగా సూచిస్తాను. ఫ్రెంచి వీధుల్లోని భవనానికి ఉన్నంత పేరు దానికి లేదు కనుక, అందుకు కారణాలు కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ముందుగా వయసు సంగతి. ఫ్రెంచివారు ఇక్కడ స్థిరపడింది 1674లోనే అయినా, 1761లో బ్రిటిష్ సేనలు పట్టణాన్ని పట్టుకుని దాదాపు నేలమట్టం చేశాయి. 1763 పారిస్ సంధి తరువాత అది తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చింది. నేడు కనిపించే పట్టణం ఆ తరువాత మళ్లీ లేచినది. అందువల్ల మూడు వందల ఏళ్ల భవనం అని ఏ హోటలైనా చెప్పుకుంటే కొంత సందేహించడమే మంచిది. భారత పర్యాటక శాఖ వర్గీకరణ ప్రకారం 1950కి ముందు కట్టిన భవనమైతే హెరిటేజ్ హోటల్ హోదాకు అర్హత ఉంటుంది. క్లాసిక్ అనే పై తరగతికి అది 1935కి ముందుది కావాలి. అంటే హోదా ఉన్నంత మాత్రాన భవనం మరీ పురాతనమైనదని అనుకోనక్కరలేదు. ఇక పసుపు రంగు గోడలు, తెల్లని అంచులు, చెక్క కిటికీలు పెట్టి నిన్నగాక మొన్న కట్టిన హోటలుకు పాతదనం వేషం మాత్రమే. అద్దె మాత్రం అసలు దానికి తీసిపోదు.

ఫ్రెంచి వీధుల్లోని ఇల్లు బయటివారికి గోడనే చూపిస్తుంది. ఎత్తైన ప్రహరీ, పెద్ద ద్వారం, దాని వెనుక చెట్లున్న ఆవరణ, ఆవరణ వైపు తెరుచుకునే వసారాలు, ఎత్తైన గదులు ఉంటాయి. రొమేన్ రోలాండ్ వీధిలోని హోటల్ డి లోరియంట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకప్పుడు విద్యాశాఖ కార్యాలయంగా ఉన్న ఆ భవనం ముఖద్వారంపై ఆ పాత పేరును అలాగే ఉంచారు. దళసరి ఇటుక గోడలకు సున్నపు గార, దూలాలపై ఇటుకలను నిలువునా పేర్చి సున్నంతో బిగించిన మిద్దె, గాలిని రానిచ్చి ఎండను ఆపే రెక్కల కిటికీలు ఈ నిర్మాణపు ప్రధాన లక్షణాలు. అటువంటి గోడ వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది కనుక మధ్యాహ్నం గది చల్లగా ఉంటుంది. అయితే పగలంతా పీల్చుకున్న వేడిని అదే గోడ రాత్రి మెల్లగా వదులుతుంది. పూర్వం ఆ ఇళ్లలో ఉన్నవారు రాత్రి కిటికీలు బార్లా తెరిచేవారు కనుక వేడి బయటికి పోయేది. ఇప్పుడు ఏసీ కోసం అన్నీ మూసేస్తాము. ఎత్తైన పైకప్పు కింద గది చల్లబడటానికి ఆలస్యమవుతుంది, చెక్క రెక్కల సందుల్లోంచి చల్లగాలి జారిపోతుంది. మే నెలలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

స్నానాల గది మరో చిక్కు. ఆ ఇళ్లు కట్టిన కాలంలో ప్రతి పడకగదికీ స్నానాల గది ఉండేది కాదు. హోటలుగా మార్చినప్పుడు గదిలో ఒక మూలను విడదీసో, పక్కనున్న సామాన్ల గదిని కలిపేసో ఏర్పాటు చేస్తారు. అందుకే ఒకే హోటల్లో ఒక గది దర్బారులా ఉంటే, అంతే అద్దె గల మరొక గది ఇరుకుగా, గాలి ఆడకుండా ఉండవచ్చు. అంతకంటే ముఖ్యమైనది చెమ్మ. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని తిరిగి ఆరబెట్టుకుంటుంది. మరమ్మతు పేరుతో దానిమీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని రంగు పెచ్చులుగా ఊడుతుంది, గదికి ముక్కిపోయిన వాసన పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో మరమ్మతు చేసినవారి నేర్పు ఎంతో బయటపడుతుంది. 1870ల నాటి పురపాలక భవనమే 2014 నవంబరు వానలకు కూలిపోయింది. దాన్ని మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. పాత ఇళ్లు హోటళ్లయిపోతున్నాయని బాధపడేవారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వాడకం, ఆదాయం లేని పాత ఇంటికి ఏటా సున్నం వేయించే స్తోమత చాలా కుటుంబాలకు ఉండదు.

తమిళ పేటలోని ఇంటి స్వభావం వేరు. వీధి వైపు దించిన చూరు, దాని కింద బాటసారి కూర్చోగల అరుగు, లోపల స్తంభాల నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలి, దాని చుట్టూ గదులు ఉంటాయి. మండువా లోగిళ్లు ఎరిగిన తెలుగువారికి ఇది పరాయి ఇల్లనిపించదు. వేడిగాలి ముంగిలిలోంచి పైకి పోతుంటే వీధి వైపు నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. ఏసీ లేని భోజనశాలలో కూడా హాయిగా కూర్చోవచ్చు. ఈ ఇళ్లలో చాలావాటికి కింది అంతస్తు తమిళ పద్ధతిలోనూ, పై అంతస్తు కమానులు, పిట్టగోడలతో ఫ్రెంచి పద్ధతిలోనూ ఉంటుంది. ఫ్రెంచి పాలన ఈ ఊరిపై వేసిన ముద్ర, పాలకులైన ఫ్రెంచివారి వీధుల్లో కంటే వారిని చూసి తమకు కావలసినంత తీసుకున్న ఈ ఇళ్లలోనే నాకు ఆసక్తికరంగా కనిపిస్తుంది. వైశ్యాల్ వీధిలో ఇటువంటి ఇళ్ల వరుసను పునరుద్ధరించినందుకు 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు లభించింది. బసకు పెరుమాళ్ కోయిల్ వీధిలోని మేజోన్ పెరుమాళ్ వంటివి ఉన్నాయి.

లోపాలు లేకపోలేదు. గదులన్నీ ముంగిలి చుట్టూనే ఉండటంతో ఒకరి మాటలు మరొకరికి వినిపిస్తాయి. తెల్లవారుజామునే బయలుదేరే కుటుంబం అందరినీ లేపుతుంది. కింది గదుల్లో వెలుతురు తక్కువ. గాంధీ వీధిలో ఆదివారం సంత జరుగుతుంది కనుక దానికి దగ్గరగా ఉంటే ఆ రోజు ప్రశాంతతను ఆశించరాదు. సముద్రతీరానికి నడక కొంత పెరుగుతుంది.

కొత్త హోటలు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, చంటిపిల్లలు వెంట ఉంటే అదే మేలు. పాత ఇళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, గుమ్మాలు ఎత్తుగా ఉంటాయి. పగలంతా దగ్గర్లోని ఆరోవిల్ అనే ప్రయోగాత్మక పట్టణంలోనో బీచుల్లోనో గడిపి నిద్రకు మాత్రమే గదికి వచ్చేవారు కూడా పాత భవనానికి అదనంగా చెల్లించడంలో అర్థం లేదు. ఫ్రెంచి వీధుల్లోని భవనం ఎవరికంటే, మధ్యాహ్నాలు వసారాలో తీరికగా గడుపుతూ, సాయంత్రం వాహనాలను ఆపేసిన తీరపు రోడ్డుకు నడిచి వెళ్లాలనుకునేవారికి.

పాత ఇంటిని ఎంచుకున్నవారు హోటలుకు ఫోన్ చేసి, ఇవ్వబోయే గది ఏ అంతస్తులో ఉంది, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, అది అసలు ఇంట్లోనిదా లేక వెనుక కొత్తగా కట్టిన భాగంలోనిదా అని అడగాలి. ఈ చివరి ప్రశ్నకు సూటిగా సమాధానం రాకపోతే ఆ గది కొత్త భాగంలోనే ఉందనుకుని అద్దె బేరం చేయవచ్చు.