నిరామయ బీమా: కవరు మంచిదే, చిక్కంతా బిల్లుల దగ్గరే

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ఆరోగ్య బీమా ఇది. ఏడాదికి లక్ష రూపాయల వరకు కవరు. ముందస్తు వైద్య పరీక్ష లేదు. మామూలు పాలసీలు మొహం తిప్పుకునేది సరిగ్గా అక్కడే. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ ఖర్చులూ వస్తాయి. అయితే ఓపీకి, థెరపీకి విడివిడి పరిమితులున్నాయి, లక్షంతా ఒక్క పద్దులో వాడుకోలేం.

డబ్బు ముందు మనమే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. డాక్టరు చీటీ లేకుండా, తెల్లకాగితం మీద ‘థెరపీ ఫీజు’ అని గీకిచ్చిన రసీదు పెడితే క్లెయిమ్ తిరస్కరించడం ఖాయం. తేదీలు, సెషన్ల లెక్క, సెంటరు ముద్ర ఏ నెలకానెల రాయించుకోండి. పాలసీ మార్చి 31తో ముగుస్తుంది; రెన్యువల్ ఫిబ్రవరిలోనే చూసుకోవడం మేలు.