జననాల రేటా, సంతానోత్పత్తి రేటా: జనాభా దిశ తెలియాలంటే ఏది మేలు?

ఒక దేశ జనాభా ఎటు పోతోందో తెలుసుకోవాలంటే ఏ అంకె చూడాలని పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వెయ్యి మంది జనాభాకు ఏటా ఎన్ని జననాలు, ఎన్ని మరణాలు అని చెప్పే ముడి రేట్లు ఒక జంట. ఒక స్త్రీకి సగటున ఎందరు పిల్లలో చెప్పే మొత్తం సంతానోత్పత్తి రేటు, అంటే టీఎఫ్‌ఆర్, దానికి తోడు సగటు ఆయుర్దాయం రెండో జంట. నా మొగ్గు రెండో జంట వైపే. అందుకు కారణం జనాభాలోని వయసుల అమరిక.

ముడి రేట్లను తీసిపారేయలేం. జననాల రేటులోంచి మరణాల రేటు తీసేస్తే సహజ పెరుగుదల చేతికొస్తుంది. భారత్‌లో 2020లో జననాలు వెయ్యికి 19.5, మరణాలు 6. అంటే వలసలు పక్కన పెడితే ఆ ఏడు జనాభా 1.35 శాతం పెరిగింది. వచ్చే ఏడాది ఎందరు పసిపిల్లలకు టీకాలు వేయాలో లెక్కగట్టే వాళ్లకు కావలసింది ఈ అంకెలే, టీఎఫ్‌ఆర్ కాదు.

చిక్కంతా పోల్చేటప్పుడే. జపాన్‌లో మరణాల రేటు ఇప్పుడు వెయ్యికి 12 దాటింది, అంటే 2020 నాటి భారత్ రేటుకు రెట్టింపు. అంతమాత్రాన జపాన్‌లో జనం త్వరగా పోతున్నారని కాదు. అక్కడ సగటు ఆయుర్దాయం 84 ఏళ్లు, మన దగ్గర 70 చిల్లర. జపాన్‌లో వృద్ధులు ఎక్కువ కాబట్టి మరణాలూ ఎక్కువ. ఖతార్‌లో మరణాల రేటు 2 కూడా ఉండదు. పని కోసం వచ్చిన పడుచువాళ్లతో నిండిన దేశమది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరి ఆరోగ్యం బాగుందని తేల్చబోతే జవాబు తలకిందులవుతుంది.

జననాల సంగతీ ఇంతే. వెయ్యి మందిలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలు ఒక దేశంలో 260 మంది, ఇంకో దేశంలో 180 మంది ఉన్నారనుకుందాం. రెండు చోట్లా ఆ వయసు స్త్రీలలో ఏటా నూటికి ఐదుగురు బిడ్డను కంటున్నారు. అయినా మొదటి దేశం జననాల రేటు 13, రెండోదానిది 9. కుటుంబాలు ఒకేలా నడుచుకుంటున్నా అంకెలు వేరు. టీఎఫ్‌ఆర్ ఒక్కో వయసు స్త్రీలకు విడివిడిగా లెక్క తీసి కూడుతుంది కాబట్టి ఈ తేడాకు లొంగదు.

అయితే టీఎఫ్‌ఆర్‌కూ ఓ బలహీనత ఉంది: పిల్లల్ని కనడం వాయిదా పడితే అది మానేశారన్నట్టు చూపిస్తుంది. 1966లో జపాన్‌లో అగ్ని అశ్వ సంవత్సరం వచ్చింది, అక్కడి సంప్రదాయ పంచాంగంలో అరవై ఏళ్లకోసారి వచ్చే ఏడాది అది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల భర్తకు అచ్చిరాదన్న నమ్మకంతో దంపతులు కాన్పులు తప్పించుకున్నారు. అంతకుముందు ఏడాది 2.14గా ఉన్న రేటు 1.58కి పడిపోయి, 1967లో 2.23కి లేచింది. అందుకే ఒక్క ఏడాది టీఎఫ్‌ఆర్ చూసి తీర్పు చెప్పకూడదు, కనీసం ఐదేళ్ల వరుస చూడాలి.

రెండో హెచ్చరిక ఇంకా ముఖ్యం. టీఎఫ్‌ఆర్ 2.1కి, అంటే ఒక తరం స్థానాన్ని దాని పిల్లలు సరిగ్గా భర్తీ చేసే స్థాయికి, దిగితే జనాభా పెరగడం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. చైనాలో అది 1990ల తొలినాళ్లలోనే ఆ స్థాయి కిందికి వెళ్లింది. అయినా 1990లో 114 కోట్లున్న జనాభా పెరుగుతూనే పోయి 141 కోట్లు దాటింది. తగ్గుదల మొదలైంది 2022లోనే. అప్పటికే పుట్టి ఉన్న పెద్ద తరాలు ఒకటి తర్వాత ఒకటి తల్లిదండ్రులయ్యే వయసుకు రావడమే దీనికి మూలం. దీన్నే జనాభా వేగం అంటారు. టీఎఫ్‌ఆర్ పక్కన వయసుల పిరమిడ్, అంటే ఏ వయసువాళ్లు ఎందరున్నారో చూపే పటం, పెట్టుకుంటే తప్ప ఇది కనిపించదు.

జనాభా ఎన్నేళ్లలో రెట్టింపవుతుందన్న లెక్క తరగతి గదికి సరే, వృద్ధి రేటు నిలకడగా ఉండదు కాబట్టి అంతకుమించి పనికిరాదు. వలసలను మాత్రం విడిగా చూసుకోవాలి. జర్మనీలో 1972 నుంచి ఏటా మరణాలే ఎక్కువ, అయినా అక్కడి జనాభా ఇప్పుడు అప్పటికంటే ఎక్కువే.

ఇక ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న దక్షిణ కొరియా. 2023లో 2.30 లక్షలున్న జననాలు 2024లో 2.38 లక్షలయ్యాయి. 1990ల తొలి సగంలో పుట్టిన పెద్ద తరం ముప్పైల్లోకి రావడం వల్లే పెరిగాయా? అదొక్కటే అయితే టీఎఫ్‌ఆర్ కదలకూడదు. అదీ 0.72 నుంచి 0.75కి పెరిగింది కాబట్టి తలల లెక్కను మించి కొంత మార్పు ఉన్నట్టే. అది వాయిదా పడ్డ కాన్పుల ఫలమా, నిజంగా ఇంకో బిడ్డ కావాలనుకోవడమా అన్నది ఆ తరం స్త్రీలు నలభైల్లోకి వచ్చాక, మొత్తం ఎందరిని కన్నారో లెక్కిస్తేనే తెలుస్తుంది.