దయ్యమే ఏడుస్తుంటే భయమెట్ల? 1992 నాటి డ్రాక్యులా మీద ఒక పాత సీడీ షాపాయన సమీక్ష

ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1992లో తీసిన ‘బ్రామ్ స్టోకర్స్ డ్రాక్యులా’ను భయపడదామని చూస్తే డబ్బులు దండగ. ఈ ముక్క ముందే చెప్పాలి. నల్లగొండలో నేను సీడీలు, డీవీడీలు అద్దెకిచ్చే దుకాణం నడిపిన రోజుల్లో ఈ డిస్కు పట్టుకెళ్లి, తెల్లారి తెచ్చిచ్చేటప్పుడు మొహం మాడ్చుకున్నవాళ్లే ఎక్కువ. “అన్నా, దయ్యం సినిమా అంటివి. గా దయ్యమే ఏడుస్తుంటే మేమెట్ల భయపడాలె?” అని ఎన్జీ కాలేజీ పిల్లాడొకడు నిలదీశాడు. ఆ పక్క రోజే ఇంకొకామె అదే డిస్కు ఇంకో రెండు రోజులు ఉంచుకుంటానని అడిగింది. ఫోన్లొచ్చి దుకాణం మూతపడింది గానీ ఈ సినిమాను మాత్రం నేను వదల్లేదు. డబ్బా టీవీలో చూశాను, కంప్యూటర్లో చూశాను, ఇప్పుడు గోడ మీద ప్రొజెక్టర్ వేసి చూస్తున్నాను. కౌంటరవతల నిలబడి తిట్టిపోయినవాళ్ల మాటలు, మెచ్చుకున్నవాళ్ల మాటలు ఇంకా గుర్తున్నాయి. అవన్నీ కలిపే రాస్తున్నా.

కథ చాలామందికి తెలిసిందే. 1462లో తురకలతో యుద్ధానికి పోయిన రాజు గెలిచి తిరిగొచ్చేసరికి, ఆయన చనిపోయాడని తప్పుడు కబురు విని రాణి నదిలో దూకేస్తుంది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు సద్గతి లేదని పూజారులు అంటే, రాజు దేవుడి మీదే కత్తి దూసి రక్తపిశాచి అవుతాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత లండన్‌లో ఇళ్లు కొనే పని మీద ట్రాన్సిల్వేనియాలోని తన కోటకు వచ్చిన జొనాథన్ దగ్గర మినా అనే అమ్మాయి ఫొటో చూస్తాడు. అచ్చం తన రాణే. ఇక లండన్‌కు ఓడెక్కుతాడు.

భయం ఎందుకు పుట్టదో నాకు తోచింది చెప్తాను. మన దిక్కు భయమంటే కంటికి కనబడనిది. గాలి సోకిందంటారు, బాణామతి చేశారంటారు. ఎవరు చేశారో తెలియదు, ఎటునుంచి వచ్చిందో తెలియదు. ఇక్కడేమో దయ్యం జరీ అంగీ తొడుక్కుని, దీపం పట్టుకుని, వాకిట్లోకి ఎదురొచ్చి అతిథిని లోపలికి రమ్మంటాడు. పైగా వీడికి ఎల్లిగడ్డ పడదు. ఎల్లిగడ్డ కారం లేనిదే ముద్ద దిగని జిల్లాలో ఆ సీనుకు నవ్వకుండా ఎవరుంటారు? మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

మరి ఇన్నేళ్లు ఎందుకు చూశానంటే, తీసిన తీరు కోసం. అప్పటికే హాలీవుడ్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ మొదలయ్యాయి. కొప్పోలా అవి వద్దన్నాడు. మోడరన్ పద్ధతులు లేకుండా ఇది కుదరదన్న ఎఫెక్ట్స్ వాళ్లను పంపించేసి, ఆ పనిని కొడుకు రోమన్ కొప్పోలాకు అప్పజెప్పాడు. సినిమా పుట్టిన కాలంలో ఏ గారడీలు ఉండేవో వాటితోనే చేయాలన్నది షరతు. ఆ పట్టుదలకు అర్థముంది. పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి బొమ్మలాడించింది 1895లో, ఈ కథకు మూలమైన బ్రామ్ స్టోకర్ నవల వచ్చింది 1897లో. రెండూ ఒకే ఈడువి. డ్రాక్యులా లండన్‌లో మినాను సినిమాటోగ్రాఫ్ చూపించే చోటికే తీసుకెళ్తాడు చూడండి, అది ఊరికే పెట్టిన సీను కాదు.

డ్రాక్యులా లండన్ వీధిలో పట్టపగలు నడిచొచ్చేటప్పుడు బొమ్మ కాస్త అదురుతుంది. డిస్కు పాడైందని ఒకాయన నాతో గొడవపెట్టుకున్నాడు కూడా. అది పాతకాలం పాథే కెమెరాతో, చేత్తో పిడి తిప్పుతూ తీసిన ముక్క. మినా స్నేహితురాలు లూసీ పిశాచమై సమాధి గదిలో వెనక్కి వెనక్కి పోయి శవపేటికలో పడుకునే చోట ఆమె కదలికలో ఏదో తేడా కనిపిస్తుంది. ఆ నటి పేటికలోంచి బయటికి వస్తుంటే తీసి, ఫిల్మును తిరగేశారు. జొనాథన్ డైరీ రాస్తుంటే ఆ పేజీల పై అంచు మీదుగానే రైలు పోతుంది, దాని నీడ రాత మీద పడుతుంది. మంచమంత పుస్తకం తయారుచేసి దాని వెనకాల బొమ్మరైలు నడిపారు. ఇదంతా తెలిశాక చూస్తే సినిమా ఇంకా బాగుంటుంది. మామూలుగా గుట్టు తెలిస్తే మజా పోతుందంటారు, ఇక్కడ మాత్రం ఉల్టా.

నీడ సంగతి వేరే చెప్పాలి. కోటలో డ్రాక్యులా ఒక పని చేస్తుంటే గోడ మీద నీడ ఇంకో పని చేస్తుంది. ఆయన మామూలుగా మాట్లాడుతుంటాడు, నీడ చేతులేమో జొనాథన్ గొంతు దాకా వెళ్తాయి. ఆ నీడను వేరే మనిషి చేత ఆడించారు. పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం దగ్గర పెరిగినవాళ్లకు నీడను తేరిపార చూడటం అలవాటే. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో నీడ కదలకుండా ఎలా నిలుస్తుందని చిన్నప్పటి నుంచీ వాదులాడుకున్నవాళ్లం. మొదటిసారి సరిగా గమనించక దాటేసిన ఆ నీడను నాకు చూపించింది కూడా పానగల్లు కుర్రాడే. రెండోసారి రిమోట్ నొక్కి ఆపి మరీ చూశాం. భయం అంటూ ఉంటే ఈ సినిమాలో అక్కడ ఉంది.

ఇక బట్టలు. మా బావది పుట్టపాక, మగ్గం మనిషి. తేలియా రుమాలు నేసే ఇల్లు వాళ్లది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టడం నుంచి ఎరుపు, నలుపు, తెలుపు రంగుల లెక్క దాకా అన్నీ ఆయనకు చేతివాటమే. ఇంగ్లీషు సినిమా అంటేనే పక్కకు పోయే మనిషి, దీనికి కూర్చున్నాడు. “కథ నాకు సమజ్ గాలె గని, గా ముసలోని ఎర్ర గుడ్డ నేల మీద ఎంత పొడుగు పారుతున్నదో చూసినవా? గది కుట్టినోళ్లెవరో గని చెయ్యి గొప్పది” అన్నాడు. ఆ చెయ్యి ఎయికో ఇషియోకా అనే జపాన్ ఆమెది. బట్టలే సెట్టింగుల పని చేయాలని కొప్పోలా ముందే అనుకుని, డబ్బు వాటి మీద పెట్టాడు. సినిమా దాదాపు అంతా కాలిఫోర్నియాలో స్టూడియో లోపలే తీశారు, ట్రాన్సిల్వేనియా కొండలతో సహా. వెనక చీకటి ఉంచి ముందు బట్ట నిలబెడితే కన్ను ఎటూ పోదు. మొదటి యుద్ధంలో రాజు తొడిగిన ఎర్ర కవచం తోలు ఒలిచిన మనిషి కండరాల్లా గీతలు గీతలుగా ఉంటుంది. లూసీ పెళ్లిబట్టల మెడ చుట్టూ ఉన్న కుచ్చులు మెడ విప్పే ఆస్ట్రేలియా తొండను చూసి చేసినవి. చివర్లో డ్రాక్యులా మీదున్న బంగారు వస్త్రానికి క్లిమ్ట్ అనే ఆస్ట్రియా చిత్రకారుడి బొమ్మ ఆధారం. ఈ పనికి ఇషియోకాకు ఆస్కార్ వచ్చింది. మేకప్‌కు, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కు కూడా వచ్చాయి. మూడూ న్యాయమైనవే.

నటన దగ్గర మాత్రం నా కస్టమర్లు రెండుగా చీలిపోయేవాళ్లు. గ్యారీ ఓల్డ్‌మన్‌ను తిట్టినవాళ్లు తక్కువ. ముసలి రాజుగా, పడుచు ప్రిన్స్‌గా, తోడేలుగా, గబ్బిలంగా ఎన్ని వేషాలేసినా గొంతు, కళ్లు ఒకడివే అని తెలుస్తుంది. పిశాచిని వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్‌గా ఆంథనీ హాప్కిన్స్ వేసిన వేషం దగ్గరే పేచీ. ఆయన అరుస్తాడు, నవ్వుతాడు, చావు కబురు చెప్తూ చతుర్లాడతాడు. లూసీ తల నరికిన మరుక్షణం తెర మీద ఆయన మాంసం ముక్క కోస్తూ కనిపిస్తాడు. మావాళ్లలో కొందరు ఓవర్ యాక్షన్ అన్నారు. నేను దీన్ని చిందు భాగోతం చూసినట్టే చూస్తాను. అక్కడ వేషగాడు మెల్లగా మాట్లాడితే ఎవరూ కూర్చోరు. ఈ సినిమా మొత్తం ఆ శ్రుతిలోనే ఉంది కాబట్టి హాప్కిన్స్ అందులో ఇమిడాడు. ఇమడనిది కియాను రీవ్స్ ఒక్కడే. జొనాథన్ పాత్రలో ఆ ఇంగ్లండు యాస ఇంగ్లీషువాళ్లకే నవ్వు తెప్పించింది. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూసే మనకు యాస గొడవ తక్కువ గానీ, మొహంలో ఏమీ పలకకపోవడం మనకూ కనిపిస్తుంది. ముగ్గురు పిశాచి ఆడవాళ్ల మధ్య చిక్కుకున్నవాడు ఇంకాస్త బెదరాలి కదా.

అన్నిటికంటే గట్టి ఫిర్యాదు నవల చదివినవాళ్లది. మా దుకాణానికి ఇంగ్లీషు లెక్చరర్ మేడమ్ ఒకరు వచ్చేవారు. డిస్కు వెనక్కిస్తూ, “స్టోకర్ పేరు టైటిల్లో పెట్టుకుని స్టోకర్ రాయని కథ తీశాడయ్యా” అన్నారు. ఆ కోపం సంగతి నవల చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది. నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కత్తిరింపులే. మొదటి నాలుగు అధ్యాయాలు దాటాక డ్రాక్యులా మనిషిగా కనిపించేది చాలా తక్కువ. నదిలో దూకిన రాణి లేదు, పునర్జన్మ లేదు, ప్రేమ అసలే లేదు. అక్కడ వాడు ఉత్త రాక్షసుడు. డ్రాక్యులా తన రొమ్ము చీరి మినా చేత రక్తం తాగించే సీను రెండింట్లోనూ ఉంది. నవలలో అది మెడ పట్టి వంచి చేసిన దౌర్జన్యం. సినిమాలో ఆమే కోరి తాగుతుంది. ఒకే సంఘటన, అర్థం పూర్తిగా తిరగబడింది.

నాకు ఇంకా కష్టమనిపించింది మినా పాత్ర. నవలలో ఆమె షార్ట్‌హ్యాండ్ తెలిసిన పిల్ల, టైప్ కొడుతుంది, రైళ్ల టైములు కంఠతా పడుతుంది. అందరి డైరీలూ తెచ్చి వరసగా టైపు చేసి, తేదీలు కలిపి, దొంగ దొరికే దారి వేసేది ఆమె. మగవాళ్లు కత్తులు పట్టుకుని తిరగడానికి ముందు కాగితం మీద పనంతా ఆమే చేసింది. సినిమాలో టైపు మిషను మొదట్లో కనిపిస్తుంది, తర్వాత ఆమె పని ప్రేమలో పడటమే. వినోనా రైడర్ బాగా చేయలేదని కాదు. అసలు ఈ స్క్రిప్టును కొప్పోలా చేతికి ఇచ్చిందే ఆమె. కానీ రాసిన పాత్రలో తెలివి తగ్గించేశారు.

అయినా మేడమ్‌తో ఒక చోట ఒప్పుకోను. డ్రాక్యులా కథను సినిమావాళ్లు మార్చడం కొత్త కాదు. సూర్యుడి వెలుగు తగిలితే రక్తపిశాచి చస్తుందని మనమంతా అనుకుంటాం. అది నవలలో లేదు. నవలలో వాడు పగలు తిరగగలడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండకు చచ్చిపోవడం 1922లో జర్మనీలో అనుమతి తీసుకోకుండా తీసిన ‘నోస్ఫెరాటు’తో వచ్చింది. స్టోకర్ భార్య కోర్టుకెక్కి ఆ సినిమా కాపీలు నాశనం చేయాలని తీర్పు కూడా తెచ్చుకున్నారు, అయినా కొన్ని బతికాయి. కొప్పోలా ఆ విషయంలో నవల వైపే నిలబడ్డాడు. పైన చెప్పిన లండన్ వీధి సీను పట్టపగలుదే మరి. ఉత్తరాలు, డైరీలు, ఫోనోగ్రాఫులో డాక్టరు చెప్పుకునే మాటలు, అమెరికా కౌబాయ్ క్విన్సీ, వీళ్లందరినీ ఉంచాడు. మిగతా చాలా సినిమాలు వీళ్లలో సగం మందిని మింగేశాయి.

మా అమ్మ అభిప్రాయం వీటన్నిటికీ దూరం. నేను మధ్య మధ్యలో కథ చెప్తుంటే విన్నది. “పెండ్లాం కోసం దేవునితోటి కొట్లాడిండు, గంత దాకా మంచిదే. ఊళ్లె పిల్లల పానాలు తీసుడెందుకు?” అన్నది. కోటలో ఆ ముగ్గురికీ డ్రాక్యులా పసిబిడ్డను తెచ్చిచ్చే సీను రాగానే లేచి బయటికి పోయింది, మళ్లీ రాలేదు. ప్రేమ కథగా మార్చిన దర్శకుడికి ఇంతకంటే చిక్కు ప్రశ్న ఏ విమర్శకుడూ వేయలేదనుకుంటా. బిడ్డను చంపించినవాడి కన్నీళ్లకు మనం ఎట్లా కరుగుతాం? సినిమా ఆ ప్రశ్నను సంగీతంతో దాటేస్తుంది. పోలండుకు చెందిన వోయ్‌చెక్ కిలార్ ఇచ్చిన సంగీతం అంత బలంగా ఉంటుంది మరి. వేట మొదలైనప్పుడు వచ్చే ఆ తాళం వింటే కూర్చున్నచోటే కాళ్లు కదులుతాయి.

ఈ మధ్య 2024 నాటి కొత్త ‘నోస్ఫెరాటు’ చూసిన కుర్రాళ్లు రెండింట్లో ఏది మేలని అడుగుతున్నారు. భయం కావాలంటే అదే. అందులో పిశాచి మీద జాలి పుట్టదు, కంపు కొట్టే శవంలాగే ఉంటాడు. రంగులు, బట్టలు, గారడీ కావాలంటే 1992దే. మా తమ్ముడైతే రెండూ వద్దు, దేవరకొండ కోటలో మనమే తీద్దాం అంటాడు. నిర్మాతను తెచ్చే పని కూడా వాడే చూసుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

చూసేవాళ్లకు కొన్ని సంగతులు. నిడివి రెండు గంటల పైన కొద్దిగా. పిల్లలతో, పెద్దవాళ్లతో కూర్చుని చూసే సినిమా కాదు. బట్టలు ఎంత గొప్పగా ఉన్నాయో అవి లేని సీన్లూ అన్ని ఉన్నాయి, రక్తం సరేసరి. ఫోన్‌లో, అందులోనూ మన ఎండాకాలం మధ్యాహ్నం కిటికీలు తెరిచి చూస్తే నల్ల తెర తప్ప ఏమీ కనిపించదు. రాత్రి పూట, పెద్ద తెర మీద, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. డ్రాక్యులా రుమేనియా భాషలో మాట్లాడే చోట్లు ఉన్నాయి, అవి లేకపోతే కథ జారిపోతుంది. చివర్లో పేర్లు పడేటప్పుడు యానీ లెనాక్స్ పాట వస్తుంది, వెంటనే ఆపేయొద్దు.

వీలైతే ముందు నవలలో ఆ మొదటి నాలుగు అధ్యాయాలు చదవండి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మిగతాది సినిమా అయ్యాక చదివితే మంచిది. సినిమాలో డ్రాక్యులాకు ఆఖరి కత్తి దింపేది మినా. నవలలో ఆ పని జొనాథన్, క్విన్సీ చేస్తారు, ఒకడి చేతిలో గూర్ఖాల కుక్రీ ఉంటుంది. ఏ ముగింపు బాగుందన్న దాని మీద మా ఇంట్లో ఇంకా తెగలేదు. నా ఓటు కుక్రీకే.