చలికాలంలో క్యోటోనా, కనజావానా: ఏది మేలు?

డిసెంబరు సెలవులు దగ్గర పడితే చాలు, టోక్యోలో ఉండే మన తెలుగువాళ్ల దగ్గర్నుంచి, హైదరాబాద్‌లో టికెట్లు బుక్ చేసుకుని కూర్చున్న చుట్టాల దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. పాతకాలపు జపాన్ చూడాలి, మంచు కూడా ఉండాలి, క్యోటో వెళ్లమంటారా, కనజావా వెళ్లమంటారా? దూరంతోనో ఖర్చుతోనో తేలే విషయం కాదిది. టోక్యో నుంచి షింకాన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, క్యోటోకి రెండుంబావు గంటలు, కనజావాకి రెండున్నర, టికెట్ ఎటు వెళ్లినా 14 వేల యెన్‌ల చుట్టుపక్కలే. నా లెక్కలో దీన్ని తేల్చేది ఒక్కటే: మీరు వెళ్లిన రోజుల్లో అసలు మంచే పడకపోతే చూడటానికి ఏం మిగులుతుంది?

క్యోటోలో మంచు పూర్తిగా అదృష్టం. బంగారు గుడి కింకాకుజి మీద తెల్లగా మంచు పేరుకున్న ఫోటో చూసి చాలామంది టికెట్లు కొనేస్తారు గానీ, అలాంటి పొద్దులు ఏడాది మొత్తమ్మీద కొన్నే వస్తాయి, వచ్చినా ఎండెక్కేసరికి కరిగిపోతుంది, దానికోసం గేటు తెరవకముందే జనం క్యూ కడతారు. మంచు లేకపోయినా చలి మాత్రం ఖాయం. మూడు వైపులా కొండలున్న ఊరు కాబట్టి రాత్రి చల్లబడ్డ గాలి అక్కడే నిలిచిపోయి కాళ్ల కిందనుంచి ఎక్కుతుంది. పైగా గుడుల్లో చెప్పులు విప్పి చెక్క నేల మీద నడవాలి, జనవరి పొద్దున ఒక్క జత సాక్సులతో ఆ నేల మీద అడుగు పెడితే పాదాలు తిమ్మిరెక్కిపోతాయి. అయినా ఈ కాలంలో వెళ్లడానికి ఒక గట్టి కారణం ఉంది. జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి దాకా మిగతా ఏడాదితో పోలిస్తే జనం బాగా తగ్గుతారు, మామూలుగా మూసి ఉంచే కొన్ని గుడులను, తోటలను ఆ నెలల్లోనే ప్రత్యేకంగా తెరుస్తారు. డిసెంబరు 31 రాత్రయితే ఇక క్యోటోనే, అందులో రెండో మాట లేదు. చియోన్‌ఇన్ గుడిలో 1636 నాటి గంట, దాదాపు 70 టన్నులు, ఒక బౌద్ధ భిక్షువు తాడు పట్టుకుని వెనక్కి వాలిపోతే మరో పదహారు మంది అటునుంచి లాగుతారు. అలా 108 సార్లు మోగిస్తారు.

కనజావా సంగతి వేరు. సైబీరియా నుంచి వచ్చే పొడి చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ నీటి ఆవిరిని పీల్చుకుని, ఇటువైపు కొండలకు తగిలి కుమ్మరిస్తుంది. అందుకే టోక్యోలో ఎండ కాస్తున్న రోజే ఇక్కడ వాన, వడగళ్లు, మంచు, మధ్యలో ఉరుములు కూడా. ఆ మంచు పొడిపొడిగా రాలిపోయే రకం కాదు, తడిగా బరువుగా ఉండి కొమ్మలు విరిచేస్తుంది. అందుకని కెన్‌రోకుఎన్ తోటలో నవంబరు 1 నుంచి చెట్లకు తాళ్లు కట్టడం మొదలుపెడతారు, దాన్నే యుకిత్సూరి అంటారు. మాను పక్కన పొడుగాటి స్తంభం పాతి, దాని కొసనుంచి ఒక్కో కొమ్మకూ ఒక్కో తాడు దించి కడతారు. చెరువు గట్టున ఉన్న కరసకి పైన్ చెట్టు ఒక్కదానికే అయిదు స్తంభాలు, 800 దాకా తాళ్లు. దగ్గరికెళ్లి చూడండి, గడ్డితో పేనిన తాడు, కొమ్మ దగ్గర వేసిన చిన్న ముడి, అన్నీ తోటమాలుల చేతిపనే. ఊళ్లో సమురాయ్‌లు ఉండిన నగమాచి వీధిలో మట్టిగోడలు తడిసి పెచ్చులూడకుండా గడ్డి చాపలు కప్పుతారు. ఇవన్నీ మార్చి దాకా ఉంటాయి, ఆకాశం నుంచి ఒక్క మంచు రేకు రాలకపోయినా ఉంటాయి. కనజావా వైపు నా మనసు మొగ్గడానికి కారణం ఇదే. చలికాలాన్ని ఎదుర్కోవడానికి ఊరు చేసుకున్న ఏర్పాట్లే అక్కడ అందం, ఆ అందం మరే కాలంలో వెళ్లినా కనిపించదు. క్యోటోని మీరు ఏప్రిల్‌లోనూ నవంబరులోనూ కూడా చూడొచ్చు కదా.

తిండి దగ్గర మాత్రం లెక్క మారుతుంది. నాన్ వెజ్ తినేవాళ్లకు కనజావాలో చలికాలమంటే పండగే, నవంబరు 6న పీతల వేట మొదలవుతుంది, గుడ్లతో నిండిన చిన్న ఆడ పీతలు డిసెంబరు చివరి దాకానే దొరుకుతాయి. శుద్ధ శాకాహారులైన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మాత్రం క్యోటోకే వెళ్లండి. అక్కడ టెన్‌ర్యూజి లాంటి గుడుల్లో భిక్షువుల భోజనం దొరుకుతుంది, అందులో చేప రసం కూడా వేయరు. నాన్‌జెన్‌జి చుట్టుపక్కల వేడివేడి టోఫూ (సోయా పనీర్) పెట్టే హోటళ్లున్నాయి, కాకపోతే నంజుకునే సాస్‌లో చేప ఉందేమో అడిగి మరీ తినాలి.

నారా, తకయామా అనే ఊళ్ల గురించి కూడా అడుగుతుంటారు. నారాకి క్యోటో నుంచి రైల్లో ముప్పావు గంట, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. తకయామా బాగుంటుంది, కానీ కొండల మధ్య ఊరు, పిల్లలతో అంత చలి అవసరం లేదు.

రెండూ చూడాలంటే ముందు కనజావా, తర్వాత క్యోటో పెట్టుకోండి. 2024 మార్చి నుంచి రెండింటి మధ్య నేరుగా రైలు లేదు, మధ్యలో త్సురుగా స్టేషన్‌లో మారాలి, మొత్తం రెండు గంటల పైన పడుతుంది. సంవత్సరాంతపు సెలవుల్లో టోక్యో నుంచి క్యోటో వైపు వెళ్లే నొజోమి అనే షింకాన్‌సెన్ రైళ్లలో రిజర్వేషన్ లేని పెట్టెలు ఉండవు, టికెట్లు ముందే తీసుకోండి. కనజావాకి క్యాన్వాస్ బూట్లు మాత్రం వద్దు. అక్కడ చాలా రోడ్ల మీద మంచు కరగడానికి నేలలోని పైపుల నుంచి నీళ్లు చిమ్ముతుంటారు, కాలిబాట పక్కన చీలమండ దాకా చల్లటి బురదనీళ్లు నిలుస్తాయి. రబ్బరు బూట్లు వేసుకుంటే రోజంతా హాయిగా తిరగొచ్చు.