కొత్త స్క్రీన్ పరీక్షకు యూట్యూబ్ వీడియోనా, పెన్‌డ్రైవ్‌లో రంగులా? ఏది మేలు?

మా తమ్ముడికి కొన్న మానిటర్‌లో ఆకుపచ్చ చుక్క ఉందని పదిహేను రోజుల దాకా ఎవరం గమనించలేదు. పగలంతా తెల్లటి పేజీల మీదే పని కాబట్టి కనబడలేదు. ఓ రాత్రి సినిమా పెడితే, తెర నల్లబడగానే మెరిసింది. అప్పటికే వాపసు గడువు దాటిపోయింది. వాడి మొహం చూసి చాలా బాధేసింది. అప్పటి నుంచి ఇంట్లోకి ఏ స్క్రీన్ వచ్చినా మొదటి రోజే పరీక్షిస్తాను.

ఎక్కువమంది చేసేది యూట్యూబ్‌లో టెస్ట్ వీడియో పెట్టడం. తేలికే. కానీ ఫుల్ హెచ్‌డీ తెరలోనే 20 లక్షలకు పైగా పిక్సెళ్లుంటాయి (బొమ్మను కూర్చే చిన్న చుక్కలు), ఒక్కోదానిలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడులు. కొన్ని సెకన్లకో రంగు మారిపోతుంటే మూలమూలా ఎలా వెతుకుతాం? ఇంకో చిక్కు, ముదురు నుంచి లేతకు మారే రంగుల్లో వస్తుంది. సైజు తగ్గించడానికి వీడియోను కుదిస్తారు కదా, దానివల్ల రంగు మెట్లుమెట్లుగా, పట్టీలుగా కనిపిస్తుంది. అది ప్యానెల్ (బొమ్మ చూపే తెర భాగం) లోపం అనుకుని మంచి టీవీని వెనక్కి పంపేసే ప్రమాదం ఉంది.

నేను పెన్‌డ్రైవ్ వైపే. కంప్యూటర్‌లోని పెయింట్ ప్రోగ్రామ్‌లో తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ముదురు బూడిద రంగులు నింపి ఆరు పీఎన్‌జీ బొమ్మ ఫైళ్లు చేసుకుంటే చాలు. షాపులో నెట్ లేకపోయినా పనికొస్తుంది, ఎంతసేపైనా నిలిపి చూడొచ్చు. ముందు మెత్తటి గుడ్డతో తుడవండి, చుక్క పోతే అది దుమ్మే. ఏ రంగు పెట్టినా నల్లగానే ఉంటే డెడ్ పిక్సెల్. నలుపు మీద కూడా ఏదో ఒక రంగులో వెలుగుతుంటే స్టక్ పిక్సెల్.

నలుపు దగ్గర తొందరపడొద్దు. లోకల్ డిమ్మింగ్ (నల్లటి చోట్ల వెనక లైటును తగ్గించే ఏర్పాటు) ఉన్న ఎల్ఈడీ టీవీ, తెరంతా నలుపైతే వెనక లైటే ఆర్పేస్తుంది. అప్పుడు స్టక్ పిక్సెల్ కూడా దాక్కుంటుంది. సెట్టింగ్స్‌లో లోకల్ డిమ్మింగ్‌ను ఆపి చూడండి. గదిలో లైట్లు తీసేస్తే అంచుల్లో వెలుగు కారడం కూడా తెలుస్తుంది. పక్కకు జరిగి చూసినప్పుడు ఆ వెలుగు మారిపోతుంటే అది ఐపీఎస్ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్ స్వభావం, లోపం కాదు.

ఓఎల్ఈడీ (వెనక లైటు లేకుండా పిక్సెళ్లే వెలిగే తెర) ఫోన్ అయితే బ్రైట్‌నెస్ బాగా తగ్గించి బూడిద రంగు పెట్టండి. ఓ పక్క ఆకుపచ్చ, ఇంకో పక్క గులాబీ ఛాయ ఉంటే అక్కడే బయటపడుతుంది. చాలా శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో *#0*# డయల్ చేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు ఫోనే చూపిస్తుంది. పిక్సెళ్ల వరకు అది బాగుంటుంది కానీ, ఈ ఛాయల తేడా చూడ్డానికి బూడిద బొమ్మే కావాలి.

ఒకటీ రెండు చుక్కలకు అన్ని కంపెనీలూ ప్యానెల్ మార్చవు. ఎన్ని ఉంటే మారుస్తారో డబ్బు కట్టకముందే అడగండి. వీలైతే షాపులోనే పెన్‌డ్రైవ్ పెట్టి చూపించమనండి.