రేకు డబ్బా, రెండు తీగలు, ఒక పీజో డిస్క్

ఇంట్లో చేసుకున్న తీగ వాయిద్యంతో ఎలక్ట్రానిక్ సంగీతం చేయాలనుకునేవాళ్లు ముందుగా ఏ పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) కొనాలి? నా ఓటు 27 మిల్లీమీటర్ల పీజో డిస్క్‌కే. బజర్లలో, పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉండే పల్చటి ఇత్తడి బిళ్ళ అది. మధ్యలో తెల్లటి సెరామిక్ పొర ఉంటుంది. చాలా చవక. ఇది అంటించాక నా వాయిద్యానికి వేరే పికప్ పెట్టాలని అనిపించలేదు.

నా వాయిద్యం ఎలాంటిదో చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మూడడుగుల టేకు పలక, ఒక చివర బోర్లించిన రేకు డబ్బా, దాని మీద తీగలను ఎత్తి పట్టే చెక్క బ్రిడ్జ్. తీగలు రెండే. ఒకటి గిటార్‌కి వేసే స్టీలు తీగ, రెండోది చేపలు పట్టే నైలాన్ దారం. మెట్లు లేవు. నేను వీణ నేర్చుకున్నదాన్ని, స్వరం నుంచి స్వరానికి జారుతూ వెళ్లడం నాకు కావాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో వాడే మాగ్నెటిక్ పికప్ ఇక్కడ సగం పనికే వస్తుంది. దానికి ఇనుము ఉన్న తీగ కావాలి, నైలాన్ దాని కంటికి ఆనదు. పీజోకి ఆ పట్టింపు లేదు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని జాక్, పియర్ క్యూరీ అన్నదమ్ములు 1880లో చూపించారు. ఈ డిస్క్ చేసే పనీ అదే. తీగ కదలిక బ్రిడ్జ్ గుండా డబ్బాకి, అక్కణ్ణుంచి డిస్క్‌కి చేరుతుంది. గోరుతో పలక గీకినా, డబ్బా మీద వేలు రాసినా, బ్రిడ్జ్ మీద తీగ కింద దారప్పోగు పెట్టి తంబురాలా జుమ్మనిపించినా అన్నీ వినిపిస్తాయి. మామూలు రికార్డింగులో వీటిని అనవసరపు చప్పుళ్లని తీసేస్తారు. నేను చేసే సంగీతానికి ముడిసరుకు అవే.

ఈ డిస్క్ నాదం సన్నగా, గీరుగా ఉంటుందని చాలామంది కొట్టిపారేస్తారు. అది వింటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ లోపం చాలాసార్లు డిస్క్‌ది కాదు, దాన్ని కలిపిన ఇన్‌పుట్‌ది. విద్యుత్తు లెక్కలో పీజో ఒక కెపాసిటర్‌లా నడుచుకుంటుంది. 27 మిల్లీమీటర్ల డిస్క్‌కి సుమారు 20 నానోఫారడ్లు ఉంటాయి. దాన్ని 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే రెండూ కలిసి ఒక హైపాస్ ఫిల్టర్ అయిపోతాయి. దాదాపు 800 హెర్ట్జ్‌కి దిగువన ఉన్నదంతా పలచబడుతుంది. తీగ అసలు స్వరం పోయి పైపై గలగల మిగులుతుంది. అదే డిస్క్‌ని 1 మెగాఓమ్ ఉండే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లో పెట్టి చూడండి. వాయిద్యం శబ్దాన్ని కంప్యూటర్‌కి చేర్చే ఆడియో ఇంటర్‌ఫేస్ మీద గిటార్ బొమ్మ గానీ, హై-జెడ్ అన్న మాట గానీ ఉండేది అదే. అప్పుడు ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. మన చెవి వినేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి కాబట్టి ఇక పోయేదేమీ లేదు. అలాంటి ఇన్‌పుట్ లేనివాళ్లు ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీతో డిస్క్‌కీ ఇన్‌పుట్‌కీ మధ్య ఉండే చిన్న బఫర్ సర్క్యూట్ కట్టుకోవచ్చు. డిస్క్ కన్నా దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను.

అంటించేటప్పుడు ఇత్తడి వైపు వాయిద్యానికి ఆనాలి. స్పాంజి ఉన్న డబుల్ టేప్ హార్మోనిక్స్‌ని, అంటే తీగ పై స్వరాలను, మింగేస్తుంది. నేను పల్చగా సూపర్‌గ్లూ రాసి, డబ్బా లోపలి వైపు, బ్రిడ్జ్ కాలికి దగ్గరగా అంటించాను. డబ్బా మధ్యకి జరిపితే రేకు మోత పెరుగుతుంది, బ్రిడ్జ్ వైపు జరిపితే తీగ స్పష్టంగా పలుకుతుంది. డిస్క్‌కి తనదైన మోత ఒకటి నాలుగైదు కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. ఈక్యూలో (శబ్దంలోని హెచ్చు, తగ్గు స్థాయులను విడివిడిగా సర్దే చోట) అక్కడ కాస్త తగ్గిస్తే చెవికి హాయిగా ఉంటుంది.

ఇక కంప్యూటర్‌లో నేను వాడేది ప్యూర్ డేటా. మిల్లర్ పకెట్ 1990లలో తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. అందులో సిగ్మండ్ అనే ఆబ్జెక్ట్ తీగ శ్రుతిని కొలిచి అంకెగా ఇస్తుంది, ఒక్కో అర్ధస్వరానికి ఒక్కో అంకె. ఆ అంకె 60, 61 అని మాత్రమే కాకుండా 60.4 అని కూడా రావచ్చు. నాకు ప్రాణం పోసిన సంగతి ఇదే. శ్రుతిని దగ్గరి స్వరానికి సర్దేసే పద్ధతుల్లో గమకం ముక్కలైపోతుంది. ఇక్కడ నేను తీగను లాగి గాంధారాన్ని ఊపితే కంప్యూటర్‌లో స్వరం పుట్టించే ఆసిలేటర్ కూడా అంతే ఊగుతుంది. మంద్రంలో మాత్రం ఆలస్యం తెలుస్తుంది. 82 హెర్ట్జ్ స్వరం ఒక్క చుట్టు తిరగడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది, శ్రుతి తేల్చడానికి కనీసం ఒకటి రెండు చుట్లు కావాలి. అందుకే సిగ్మండ్‌తో కొలిచేటప్పుడు మంద్రంలో ఉన్న నైలాన్ దారాన్ని మీటను, మిగతా సమయంలో అది ఆధారశ్రుతిగా మోగుతూ ఉంటుంది.

నాకు ఇంకా ఇష్టమైనది కార్ప్లస్-స్ట్రాంగ్ పద్ధతి. కెవిన్ కార్ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ దీన్ని 1983లో ప్రచురించారు. ఒక పొట్టి రొద ముక్కను డిలేలో (శబ్దాన్ని కాసేపు ఆపి వదిలే చోట) తిప్పుతూ, ప్రతి చుట్టులో కొంచెం మెత్తబరిస్తే మీటిన తీగ నాదం వస్తుంది. డిలే 9.1 మిల్లీసెకన్లుంటే దాదాపు 110 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది. నేను రొద బదులు డబ్బా మీద గోటి దెబ్బను పంపుతాను. మెల్లగా తడితే మెత్తటి తీగ, గోరు గుచ్చితే పదునైన తీగ. ప్యూర్ డేటా శబ్దాన్ని 64 శాంపిళ్ల (శబ్దం నుంచి తీసుకునే కొలతల) చొప్పున నడుపుతుంది కాబట్టి, సెకనుకి 44,100 శాంపిళ్ల రేటులో ఇలాంటి చుట్టు దాదాపు 689 హెర్ట్జ్‌ని మించదు. పై స్వరాలు కావాలంటే ఆ భాగాన్ని సబ్‌ప్యాచ్ అనే లోపలి ప్రోగ్రామ్‌లో వేసి ఆ 64ని, అంటే బ్లాక్ సైజుని, తగ్గించాలి.

డిస్క్‌లో లోపాలు లేకపోలేదు. మామూలు జంట వైరు వాడితే కరెంటు హమ్ పట్టేస్తుంది, షీల్డ్ ఉన్న కేబుల్ తప్పనిసరి. సెరామిక్ మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఉంచితే వెండి పూత లేచిపోతుంది. ఒక అమ్మకందారు పంపిన ప్యాకెట్‌లో కొన్నిటికి ముందే టాంకాలు ఊడి ఉన్నాయి. వైర్లు అతికించి వచ్చేవే కొనండి, రాగానే ఒక్కొక్కటీ తట్టి చూసుకోండి, టాంకా మీద ఒక చుక్క హాట్ గ్లూ వేయండి. గట్టిగా కొడితే ఇది కొన్ని వోల్టులు పుట్టిస్తుంది, గెయిన్ తగ్గించి మొదలుపెట్టడం మంచిది. స్పీకర్ దగ్గరుంటే డబ్బా అదిరి కూత మొదలవుతుంది. కానీ స్పీకర్‌ని కొంచెం కొంచెంగా దూరం జరుపుతూ ఆ కూతను తీగ శ్రుతిలోకి తీసుకురావచ్చు. అప్పుడు తీగ మీటకుండానే మోగుతూ ఉంటుంది.

గాలిలో వినిపించే తీగ నాదం ఉన్నదున్నట్టు రికార్డు కావాలంటే దీన్ని కొనకండి, మంచి మైక్ కొనుక్కోండి. మిగతావాళ్లు ఒకటి కాదు, రెండు తీసుకోండి. నేను రెండోదాన్ని పలక అవతలి చివర అంటించి, ఒకటి ఎడమ చానల్‌కి, ఒకటి కుడి చానల్‌కి పంపుతున్నాను. హెడ్‌ఫోన్స్‌లో వింటే వేలు జారుతున్నప్పుడు నాదం ఒక చెవి నుంచి ఇంకో చెవికి నడుస్తుంది.