నాలుగు నెలలు పచ్చి మాంసం ప్యాకెట్లు పెట్టి చూశాక

ముందే చెప్పేస్తా, మా కుక్కకు పెట్టే ఈ ఫ్రోజెన్ రా ఫుడ్ (గడ్డకట్టించిన పచ్చి మాంసం) నేను మానలేదు, ఇప్పటికీ తెప్పిస్తున్నా. అలాగని కిబుల్ (పొడి గుళికల తిండి) డబ్బా కూడా తీసేయలేదు. అమ్మేవాళ్లు "ఇదొక్కటి చాలండీ, ఇంకేం పెట్టక్కర్లేదు" అంటారు గానీ, ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో ఉన్నది చదివితే చాలదని తెలిసిపోతుంది. ఈ రివ్యూ రాస్తున్నదే అందుకు.

మావాడికి 6 ఏళ్లు, బరువు 20 కిలోలు. గిన్నెలో కిబుల్ పోస్తే వాసన చూసి పక్కకెళ్లి పడుకునేవాడు, ఎప్పుడో మధ్యాహ్నం ఆకలి ఆగక నాలుగు గుళికలు నమిలేవాడు. డాక్టర్ గారు పళ్లూ పొట్టా చూసి, రక్తపరీక్ష కూడా చేయించి, జబ్బేమీ లేదు, రోజూ ఒకటే తిని మొహం మొత్తింది అన్నారు. అప్పుడు మొదలుపెట్టాను.

సరుకు బాగుంటుంది, అందులో అనుమానం లేదు. అరకిలో పలకలు, రాయిలా గడ్డకట్టి వస్తాయి. కోడి కైమా, దాంట్లోనే రుబ్బిన ఎముక, గుండె, కార్జం. లేబుల్ మీద 80:10:10 అని ఉంటుంది, అంటే 80 శాతం మాంసం, 10 శాతం ఎముక, మిగతా 10 కార్జం లాంటివి. రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి పొద్దున విప్పితే పులిసిన వాసన లేదు. కాస్త తీసి వేళ్ల మధ్య రుద్ది చూశా, ఎముక ఇసుకంత సన్నగా తగిలింది, గుచ్చుకునే ముక్క ఒక్కటి కూడా లేదు. మావాడు మొదట నాలుకతో ఒకసారి తాకి చల్లగా ఉందేమో వెనక్కి తగ్గాడు, కాసేపాగి మళ్లీ వచ్చి గిన్నెను నాక్కుంటూ నెట్టుకుంటూ గోడ దాకా తీసుకెళ్లాడు. తిండి దగ్గర వాడు అంత ఇష్టంగా నిలబడటం చూసి చాలా రోజులైంది, నిజంగా ప్రాణం లేచొచ్చింది.

కానీ మొదటి నెలలోనే పెద్ద పొరపాటు చేశా. రోజుకు 280 గ్రాముల కిబుల్ తినేవాడు కదా, అందులో 140 తీసేసి 140 గ్రాముల పచ్చి మాంసం పెట్టా, లెక్క సరిపోయిందనుకున్నా. నెల తిరిగేసరికి కిలో తగ్గాడు, ఒళ్లు నిమిరితే పక్కటెముకలు చేతికి తగలడం మొదలైంది. పచ్చి మాంసంలో దాదాపు 70 శాతం నీళ్లే, కిబుల్‌లో 10 శాతం దాకా ఉంటాయి, అంటే అదే బరువుకు క్యాలరీలు సగం కూడా రావు. గ్రాములు చూసి మార్చకండి, రెండు లేబుళ్ల మీదా క్యాలరీలు చూసి మార్చండి. ఈ ముక్క ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో వేయాల్సింది, ఎక్కడా లేదు.

ఇక ఆ చిన్నక్షరాలు. అక్కడ ఉన్నది "ఇతర ఆహారంతో కలిపి పెట్టడానికి" అని. సంపూర్ణ ఆహారం అని లేదు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఆఫ్కో అనే అమెరికా సంస్థ, ఫెడియాఫ్ అనే యూరప్ సంస్థ కుక్కల తిండిలో ఏ పోషకం ఎంత ఉండాలో పట్టికలు పెట్టాయి, వాటికి సరిపోయే తిండినే సంపూర్ణం అనాలి. వట్టి 80:10:10 కైమాలో జింక్, మాంగనీస్, అయోడిన్, విటమిన్ ఇ తక్కువ పడే అవకాశం ఎక్కువ. పోనీ అని కార్జం పెంచితే విటమిన్ ఎ మోతాదు మించుతుంది. ఎముక ఎక్కువైతే ఏమవుతుందో నేనే చూశా, ఐదో వారంలో ఈ కైమాకు తోడు పచ్చి కోడి మెడలు కూడా ఇచ్చేసరికి మలం సున్నపుముక్కలా తెల్లగా, పొడిపొడిగా అయిపోయింది, పాపం ముక్కుతూ ఎంతసేపో కూర్చునేవాడు. మెడలు ఆపగానే రెండు రోజుల్లో సర్దుకుంది. (ఉడికించిన ఎముకలు మాత్రం ఎప్పుడూ పెట్టకండి, చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి.)

కుక్క తోడేలే కదా, ధాన్యం దానికెందుకు అని ఈ ప్యాకెట్ అట్ట మీద కూడా రాశారు. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో తేలిందేమిటంటే, పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేళ్లలో కన్నా కుక్కల్లో చాలా ఎక్కువ. మనిషి పక్కన వేల ఏళ్లు బతికి మారిన జీవి అది. కిబుల్‌ను విషంలా చూపించి సరుకు అమ్ముకోవడం నాకు అస్సలు నచ్చలేదు.

సర్వీసు గురించి చెప్పాలంటే ఇక్కడే మార్కులు తగ్గిస్తున్నా. ఒకసారి పార్సిల్ అంచులు మెత్తబడి వచ్చింది, ఫోన్ చేస్తే మారు మాట లేకుండా వేరేది పంపారు, సంతోషం. కానీ బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ మంచు కరగగానే ఊడిపోతుంది, రేపు ఏదైనా బ్యాచ్ వెనక్కి పిలిస్తే మన ఫ్రీజర్‌లో ఉన్నది అదో కాదో ఎలా తెలుస్తుంది? క్యాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి ఎంత, బ్యాక్టీరియాను తగ్గించే హై ప్రెషర్ ప్రాసెసింగ్ చేస్తున్నారా అని రెండుసార్లు మెయిల్ పెడితే "అంతా నాచురల్" అని ఒక లైను జవాబు. నాచురల్ అంటే కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండదనా? గడ్డకట్టిస్తే అది నిద్రపోతుంది గానీ చావదు. కుక్క పైకి ఆరోగ్యంగా ఉంటూనే దాన్ని మలంలో వదలగలదు. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే శుద్ధి చేయని పచ్చి మాంసం పెట్టొద్దని చెప్పింది, మా డాక్టర్ గారిదీ అదే మాట, నేను వినకుండా పెడుతున్నాననే టెన్షన్ రోజూ ఉంటుంది. అందుకే వాడి గిన్నెకు వేరే పీచు, వేడినీళ్లు, సబ్బు. 20 నిమిషాల్లో తినకపోతే పారేస్తా. అక్క రెండు నెలల పాపతో వచ్చి మూడు వారాలు ఉన్నప్పుడు పూర్తిగా ఆపేశా. ఇంట్లో పసిపిల్లలో గర్భిణులో ముసలివాళ్లో ఉంటే, దయచేసి దీని జోలికి పోకండి. ఎదిగే కుక్కపిల్లలకూ, ముఖ్యంగా పెద్ద జాతులవాటికి ఈ ప్యాకెట్ వద్దు, క్యాల్షియం లెక్క తప్పితే ఎముకలే వంకర తిరుగుతాయి. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిన కుక్కలకు కొవ్వు ప్రమాదం.

ఇప్పుడు మావాడికి రోజంతటికీ 210 గ్రాముల కిబుల్, 160 గ్రాముల కైమా. పోయిన కిలో తిరిగొచ్చింది, కిబుల్ కూడా మిగల్చకుండా తింటున్నాడు. మెరిసే బొచ్చు, తెల్లటి పళ్లు అని ప్రకటనలో చెప్పినవేవీ నాకు కనబడలేదు, కైమా నమలక్కర్లేదు కాబట్టి పళ్లు ఎలా శుభ్రపడతాయో నాకర్థం కాలేదు, బ్రష్ నేనే వేస్తున్నా. మూడోసారి మెయిల్ పెట్టా, ప్రాసెసింగ్ గురించి జవాబు వచ్చేదాకా వచ్చే నెల ఆర్డర్ పెట్టను.